ఎండ పలకల కాళ్లకు పసుపు

అనగా అనగా ఒక దీవి. రాజుగారు ఇంకా పల్లకీలోనే ఊరేగుతున్న కాలం. అయినా ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు కూడా మెరుస్తున్న కాలం. అదెప్పటి కాలమని మాత్రం నన్ను అడగకండి పిల్లలూ, కథలకు పంచాంగం ఉండదు.

ఆ దీవి పేరు గువ్వలదీవి. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఉప్పుటేరు. అక్కడ ఎండ కాసిందంటే కాకులు కూడా నీడ వెతుక్కుని నోరు తెరుచుకు కూర్చుంటాయి. గాలి వీచిందంటే తాడిచెట్లు నడుం వంచి దణ్ణం పెడతాయి. ఈ రెండింటికీ మధ్య చల్లగా, బుద్ధిగా ఉండే రోజులు ఏడాదికి ఓ పదో పదిహేనో వస్తాయి. దీవివాళ్లు చుట్టాలను పిలిచేది ఆ పదిహేను రోజుల్లోనే.

ఆ దీవిలో నాంచారమ్మ బాతులు పెంచుకుని బతికేది. పెనిమిటి ఉప్పు పడవ మీద ఊళ్లు తిరిగే మనిషి. తొలకరి పడితే గాని ఇల్లు చేరడు. అంతవరకూ ఇంట్లో ఉండేది నాంచారమ్మ, ఆమె అత్త తిరపతమ్మ, గోరింట అనే ఒక ఎర్రకోడి.

తిరపతమ్మ ఎటువంటి మనిషంటే, ఇంటికి కొత్తగా ఏది వచ్చినా దానికి బొట్టు పెట్టకుండా ఉండలేదు. కొత్త చేటకూ బొట్టే, కొత్త బిందెకూ బొట్టే. ఒకసారి ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన కొత్త తపాలా మనిషి కూడా నుదుట ఇంత బొట్టుతో తిరిగి వెళ్లాడు. మనసు వెన్న. చెయ్యి మాత్రం ఒకచోట ఊరుకోదు.

ఆ ఏడు దీవికి పెద్ద కష్టం వచ్చిపడింది. కార్తీకంలో వచ్చిన వరదకు దీవిలోని మచ్చబాతులన్నీ కొట్టుకుపోయాయి. మచ్చబాతులంటే మామూలు బాతులు కావు. ఉప్పుగాలికి ఓర్చుకుని, నారుమళ్లలో నత్తలను ఏరుకు తిని, వరిని కాపాడేవి అవే. ఆ జాతి ఇంకెక్కడా లేదు. వరద తీశాక నాంచారమ్మ దొడ్లో ఆరు పెట్టలు, ఒక పోతు మాత్రమే మిగిలాయి.

"అమ్మా నాంచారమ్మా! ఈ తొలకరికి బాతులు లేకపోతే మా నారంతా నత్తలపాలు. నారు పోతే దీవికి బువ్వ లేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అని రైతులు ఆమె గుమ్మంలో నిలబడి దిగులుపడ్డారు.

ఆరు బాతులూ పాపం తమ వంతు చేశాయి. వేసవి మొదట్లో పదిరోజులు పెట్టి అరవై గుడ్లు ఇచ్చాయి. ఆ తర్వాత ఎండలు ముదిరేసరికి పెట్టడం మానేశాయి. ఇక ఆ అరవై గుడ్లే దిక్కు.

ఇప్పుడు ఆ గుడ్లను పొదగాలి. బాతు ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు కదా. అందుకే ఆ దీవిలో తాతల కాలం నుంచీ బాతుగుడ్లను కోడికిందే పెడతారు. నాంచారమ్మ గుడ్లబుట్ట పట్టుకుని గోరింట దగ్గరికి వెళ్లింది. గోరింట బుట్టను చూడగానే రెక్కలు ముడుచుకుని అటు తిరిగింది.

"నా వల్ల కాదమ్మా! మూడుసార్లు పొదిగాను. మూడుసార్లూ పిల్లలు పుట్టిన మూడోనాటికే నన్ను గట్టు మీద వదిలేసి నీళ్లలోకి దూకాయి. మునిగిపోతున్నాయేమోనని ఏటి గట్టున ఆ చివర నుంచి ఈ చివరకు అరుస్తూ పరిగెత్తి పరిగెత్తి నా గుండె జారిపోయింది. అయినా అరవై గుడ్లంటే నేనేమన్నా పందిరి మంచాన్నా?" అంది.

కోడి మాటలో నిజం ఉంది. నాంచారమ్మ మర్నాడే పడవెక్కి ఏరు దాటి, ఒక పొదుగుపెట్టె తెచ్చుకుంది. కరెంటుతో నడిచే పెట్టె. అందులో గుడ్లు పేర్చి, పూటపూటా తిప్పుతూ, ఇరవై ఎనిమిది రోజులు వెచ్చగా ఉంచితే పిల్లలు బయటికొస్తాయి. మధ్యలో పెట్టె చల్లబడిందా, లోపలి ప్రాణాలు నిలవవు.

అసలు చిక్కు అక్కడే ఉంది. గువ్వలదీవిలో కరెంటు రాజుగారిది. రాజుగారు తుమ్మితే పోతుంది, దగ్గితే వస్తుంది. వేసవి నాలుగు నెలలూ కోటలో పంకాలకే చాలదు, ఇక ఊళ్లోకి ఏమొస్తుంది? నాంచారమ్మ కాసేపు గడప మీద కూర్చుని ఆలోచించింది. పైన ఎండ ఇంత ధారాళంగా కాస్తోంది, ఎవరి దయా అక్కర్లేకుండా.

"అత్తా! మన కరెంటు మన డాబా మీదే పండించుకుందాం" అంది.

ఆ మాట ఏరు దాటి వెళ్లింది. సోలార్ పలకలు అమ్మేవాళ్లు ముగ్గురు వచ్చారు.

మొదటివాడు జరీ తలపాగా చుట్టుకుని వచ్చాడు. పడవ కూడా దిగలేదు. "రాజుగారి కోట మీద మెరుస్తున్నవి మా పలకలే! ఇంకేం చూస్తావు?" అన్నాడు. నాంచారమ్మ, "మా ఇల్లు కోట కాదు బాబూ" అని పంపేసింది.

రెండోవాడు గుమ్మం దాకా వచ్చాడు. ఇంటి వైపు ఒక చూపు చూసి, "ఇరవై పలకలు పడతాయి, రేపే బిగించేస్తాం" అన్నాడు. "ఇరవై ఎందుకు?" అని నాంచారమ్మ అడిగితే, "పట్టినన్ని పెట్టుకోవాలి గదా" అన్నాడు. అతన్నీ మజ్జిగిచ్చి పంపేసింది.

మూడోవాడు కోటిలింగం. ముసలివాడు. వస్తూనే కిటికీ ఊచను వేలితో రుద్ది, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. తిరపతమ్మ బుగ్గన చెయ్యి వేసుకుంది.

"ఉప్పు" అన్నాడు కోటిలింగం. "ఇక్కడి గాలిలో ఉప్పుంది. మామూలు ఇనప కాళ్లయితే రెండేళ్లకు బిస్కెట్టులా విరుగుతాయి. తుప్పు పట్టని కాళ్లు పెట్టాలి." తర్వాత తిరపతమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, పోయిన తుపానులో మీ కోళ్లగూటి రేకు ఎగిరి ఎటు పడింది?" అని అడిగాడు.

"పడమటి గట్టు మీద పడిందయ్యా. అది ఎగురుతుంటే గరుత్మంతుడే వెళ్తున్నాడనుకున్నా."

"అయితే మీకు తుపాను గాలి తూర్పు నుంచి కొడుతుంది. ఆ వైపు మేకులు రెట్టింపు వెయ్యాలి." అప్పుడు మేడ మెట్లెక్కి, డాబా అంతా అడుగులతో కొలిచి, నాంచారమ్మను అడిగాడు: "దేనికమ్మా నీకు కరెంటు?"

"అరవై గుడ్లు పొదగాలి. ఒక దీపం, ఒక పంకా."

"అయితే నాలుగు పలకలు, ఒక మంచి బ్యాటరీ. అంతకుమించి అక్కర్లేదు."

నాంచారమ్మకు ఆ మాటతో నమ్మకం కుదిరింది. మూడేళ్లుగా గుడ్ల మీద కూడబెట్టుకున్నదంతా ఇచ్చి ఆ నాలుగు పలకలూ కొనుక్కుంది.

కోటిలింగం వాటిని దక్షిణం వైపు వాల్చి బిగిస్తుంటే తిరపతమ్మ అడ్డుపడింది. "అయ్యో, దక్షిణం యముడి దిక్కు కదయ్యా! కొత్తగా ఇంటికొచ్చినవి అటు చూడటమేంటి?"

కోటిలింగం నవ్వాడు. "యముడు ఎవరి కొడుకు పెద్దమ్మా? సూర్యుడి కొడుకే కదా! తండ్రి పెట్టింది తినే పలకలు కొడుకు వైపు చూస్తే తప్పేముంది?"

తిరపతమ్మకు ఆ బంధుత్వం బాగా నచ్చింది. అడ్డు తప్పుకుంది.

వెళ్లేముందు కోటిలింగం రెండు మాటలు చెప్పాడు. "పలకల కింద జానెడు ఖాళీ వదిలాను, గాలి ఆడటానికి. మరీ వేడెక్కితే ఇవీ మనలాగే కాస్త నీరసపడతాయి. ఇక ఈ బ్యాటరీ మీద దీపం చూడండి. పగటిపూట పలకలు బాగా పనిచేస్తుంటే పచ్చగా వెలుగుతుంది. పని సాగకపోతే ఎర్రగా వెలుగుతుంది. ఒక పూట ఎర్రగా ఉన్నా కంగారుపడకండి, బ్యాటరీలో దాచుకున్నది ఉంటుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంటే మాత్రం పెట్టె చల్లబడుతుంది."

నాంచారమ్మ అరవై గుడ్లనూ పెట్టెలో పేర్చింది. పచ్చదీపం వెలిగింది. ఇరవై ఎనిమిది రోజుల లెక్క మొదలైంది.

మూడోరోజు పొద్దున్నే నాంచారమ్మ బాతుల్ని ఏటికి తోలి వచ్చేసరికి దీపం ఎర్రగా ఉంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇదేమిటి చోద్యం? గబగబా డాబా ఎక్కింది. ఎక్కి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోయింది.

నాలుగు పలకలూ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. గడపకు రాసినట్టు నిండా పసుపు. దాని మీద ఒక్కోదానికి అరచేతులంతేసి కుంకుమ బొట్లు ఐదు. పైనుంచి బంతిపూల దండలు.

"అత్తా!"

తిరపతమ్మ మెట్ల మీద నుంచి తల పైకెత్తింది. "బాగున్నాయా? నువ్వు మెచ్చుకుంటావనే చెప్పకుండా చేశా."

"చాలా బాగున్నాయి. కానీ అవి ఎండను చూడాలి గదా. కళ్లనిండా పసుపు మెత్తితే ఏం చూస్తాయి?"

తిరపతమ్మ నాలిక కరుచుకుంది. ఇద్దరూ కలిసి పలకలు కడిగారు. దీపం పచ్చబడింది. ఆ సాయంత్రం నాంచారమ్మ ఒక గుడ్డును దీపానికి అడ్డంపెట్టి అత్తకు చూపించింది. లోపల దారం పోగుల్లాంటి సన్నని ఎర్రగీతలు కనిపించాయి. తిరపతమ్మ దాని వంక చాలాసేపు చూసి, "ప్రాణం పోసుకుంటోందే!" అంది. ఆ గొంతులో సంతోషం విని నాంచారమ్మ కోపమంతా దిగిపోయింది.

పదకొండోరోజుకు ఊరి ఆడవాళ్లంతా పలకలు చూడటానికి వచ్చారు. "అబ్బ, ఎంత నల్లగా నిగనిగలాడుతున్నాయో!" "నాంచారమ్మకేం తల్లీ, సూర్యుణ్ణే ఇంట్లో కట్టేసుకుంది!" అని ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుని వెళ్లారు. వింటున్న తిరపతమ్మకు గుండెల్లో రాయి పడింది. ఇంతమంది చూపు పడితే ఇంకేమైనా ఉందా?

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఎర్రదీపం.

నాంచారమ్మ డాబా ఎక్కింది. పలకల మీద పసుపు లేదు, పూలు లేవు. అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. కానీ వాటి నడినెత్తిన, ఒక వెదురుబొంగు చివర పెద్ద బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. దానికి కాటుకతో గుడ్లురిమే కళ్లు, కోరమీసాలు, బయటికొచ్చిన నాలుక. దిష్టి తగలకుండా తిరపతమ్మ కట్టింది.

"దాని జోలికి రాకే నాంచారీ! పలకలను నేను ముట్టుకోలేదు. పైన కట్టానంతే" అంది తిరపతమ్మ, ముందుగానే.

నిజమే, ముట్టుకోలేదు. గుమ్మడికాయ నీడ కూడా మూడో పలక మీద ఓ మూలే పడుతోంది. మిగతా మూడు పలకలూ ఎండలో హాయిగా ఉన్నాయి. మూలన కాస్త నీడ పడితే దీపం మొత్తం ఎర్రబడుతుందా? నాంచారమ్మకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని వదిలిపెట్టే మనిషి కాదామె.

"అత్తా, నువ్వు కిందికెళ్లి దీపం దగ్గర నిలబడు. ఏ రంగు కనిపిస్తే ఆ రంగు అరిచి చెప్పు" అంది. గుమ్మడికాయను బొంగుతో సహా పక్కకు జరిపింది.

"పచ్చ!" అని కింద నుంచి కేక.

మళ్లీ నీడ పడేలా జరిపింది.

"ఎరుపు!"

"సరిగ్గా చూడు!" జరిపింది. "పచ్చ!" ఇటు జరిపింది. "ఎరుపు!" ఇలా ఆరేడుసార్లు అయ్యేసరికి, ఎవరో పచ్చిమిరపకాయలు, పండుమిరపకాయలు అమ్మడానికి వచ్చారనుకుని పక్కింటి అచ్చాయమ్మ గిన్నె పట్టుకుని వచ్చేసింది.

ఆ గిన్నెను చూసి నాంచారమ్మ నవ్వింది. నవ్వుతుండగానే ఆమెకు కళ్లం గుర్తొచ్చింది. కుప్ప నూర్చేటప్పుడు నాలుగు ఎద్దులను ఒక తాడుకు కట్టి తిప్పుతారు. అందులో ఒక్కటి ఆగి గడ్డి నమిలిందంటే మిగతా మూడూ ఆగాల్సిందే. ఈ నాలుగు పలకలూ ఒకే తీగకు కట్టిన ఎద్దులు! ఒకదాని మీద నీడ పడితే నాలుగూ నిలబడిపోతున్నాయి.

ఆ మాట చెబితే తిరపతమ్మ వెంటనే ఒప్పుకుంది. కళ్లంలో నలభై ఏళ్లు ఎద్దులు తోలిన మనిషి ఆమె. గుమ్మడికాయను విప్పి, వీధిగుమ్మానికి కట్టింది. అక్కడి నుంచి అది వచ్చేపోయేవాళ్లను చూసి కళ్లురుముతూ ఉంది.

ఆ తర్వాత రోహిణి ఎండలు వచ్చాయి. పిల్లలూ, ఆ ఎండ ఎలా ఉందంటే, దొడ్లో నీళ్లతొట్టిలో చెయ్యి పెడితే చారులో పెట్టినట్టుంది. వడగాలికి మనుషులు మధ్యాహ్నం తలుపులు తియ్యడం మానేశారు. కోటలో రాజుగారికి పలకల మీద జాలేసింది. "మన పలకలు ఎండకు కందిపోతున్నాయి, ముత్యాల అంచున్న పట్టు పందిరి వేయించండి" అని ఆజ్ఞాపించాడు. వంద పలకల మీద పందిరి లేచింది. ఊరంతా రాజుగారి దయాగుణం గురించి చెప్పుకుంది. కోటలో పంకాలు ఎందుకు ఆగిపోయాయో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఈ కబురు తిరపతమ్మ చెవిన పడింది. కోటిలింగం చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తుంది: మరీ వేడెక్కితే ఇవీ మనలాగే నీరసపడతాయి. రాజుగారు పట్టు పందిరి వేస్తే, మనం గోనెపట్టా అయినా కప్పకపోతే ఎలా? నాంచారమ్మ పొద్దున బాతుల్ని తోలుకుని ఏటికి వెళ్లగానే ఆమె నాలుగు గోనెపట్టాలు తడిపి పలకల మీద కప్పింది. కోడలు వచ్చే వేళకు తీసి మడతపెట్టేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మూడోనాడు నాంచారమ్మ ఇంటికొచ్చేసరికి పెట్టె లోపలి పంకా నీరసంగా తిరుగుతోంది. చెయ్యి పెట్టి చూస్తే ఉండాల్సినంత వెచ్చగా లేదు. పంతొమ్మిది రోజులు! ఒక్కో గుడ్డునూ రోజుకు మూడుసార్లు తిప్పుకుంటూ వచ్చిన పంతొమ్మిది రోజులు! పరిగెత్తి డాబా ఎక్కింది. పలకలు శుభ్రంగా ఉన్నాయి. పైన నీడ లేదు. మరేమిటి? అప్పుడు మూలన మడతపెట్టిన గోనెపట్టాల నుంచి సన్నగా నీళ్లు కారుతూ కనిపించాయి.

ఆ రోజు నాంచారమ్మ మొదటిసారి అత్త మీద గొంతెత్తింది. "ఏం చేశావత్తా! అరవై ప్రాణాలు! దీవి మొత్తం వాటి మీదే ఆశ పెట్టుకుంది. నువ్వు వాటి నోటికాడి ఎండ లాగేశావు!"

తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "వాటికి వడదెబ్బ తగిలితే మన గుడ్లేమైపోతాయోనని భయపడ్డానే! నా మీద ఒట్టు, ఇంక ఆ పలకలను ముట్టను. అసలు మేడే ఎక్కను."

ముసలామె అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే నాంచారమ్మ మనసు కరిగిపోయింది. పక్కన కూర్చుని, "నాటు వేసే మనిషికి బురద అంటుతుందని గట్టు మీద కూర్చోబెడితే నాటు ఎవరేస్తారత్తా? పలకల పనే ఎండలో నిలబడటం. చల్లగాలికి కింద ఖాళీ ఉందిగా" అంది.

అదృష్టం బాగుండి ఇంకా పొద్దు మిగిలి ఉంది. ఆ సాయంత్రం ఎండంతా పలకలు ఆబగా తాగాయి. మర్నాటికి పెట్టె మళ్లీ వెచ్చబడింది. నాంచారమ్మ ఒక గుడ్డు తీసి దీపానికి పెట్టి చూసింది. లోపల నల్లని నీడ ఒకటి తటాలున కదిలింది. హమ్మయ్య!

ఇరవై ఐదోరోజున రాజుగారి దండోరా వినిపించింది. సముద్రంలో తుపాను పుట్టింది, తూర్పు నుంచి వస్తోంది.

నాంచారమ్మ డాబా ఎక్కి, కోటిలింగం చూపించిన ప్రతి మేకునూ బిగించింది. వెదురుబొంగు, ఖాళీ బిందెలు, గోనెపట్టాలు, ఎగిరేవన్నీ కిందికి దించింది. బ్యాటరీ నిండుగా ఉంది. ఇంట్లో వెలిగే దీపం ఆర్పేసింది, ఇంటి పంకా ఆపేసింది. "దాచుకున్నదంతా గుడ్లకే" అంది.

మధ్యాహ్నానికి తుపాను వచ్చింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు గడిచినా ఆకాశం కనిపించలేదు. గాలి తలుపులు బాదింది. వీధిగుమ్మానికున్న గుమ్మడికాయ మీసాలతో సహా ఎటో ఎగిరిపోయింది. ఎంతమంది దిష్టి పట్టుకుపోయిందో ఏమో! పలకలు మాత్రం తూర్పు వైపు రెట్టింపు మేకులతో పళ్లు బిగించి నిలబడ్డాయి. అయితే ఎండ లేనిదే అవి మాత్రం ఏం చేస్తాయి? మూడోరోజు పొద్దుటికి బ్యాటరీ అడుగంటింది. పెట్టె చల్లబడటం మొదలుపెట్టింది.

నాంచారమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, ఏం చెయ్యాలో తోచక కూర్చుండిపోయింది. వెనక నుంచి తిరపతమ్మ భయంభయంగా అడిగింది. "ఏమే... కప్పనా?"

నాంచారమ్మ చటుక్కున తలెత్తింది. "కప్పు అత్తా! ఇప్పుడు కప్పు! గాలి ఆడే చిల్లులు వదిలేసి, ఉన్నవన్నీ కప్పెయ్!"

తిరపతమ్మ పరిగెత్తింది. తన పాత చీరలతో కుట్టుకున్న బొంతలు ఏడు తెచ్చి, పెట్టె చుట్టూ వరసగా చుట్టింది. చంటిపిల్లకు చుట్టినంత పొందికగా చుట్టింది. ఆ పని ఆమెకన్నా బాగా చేసేవాళ్లు దీవిలోనే లేరు. ఇంతలో తడిసి ముద్దయిన గోరింట లోపలికి వచ్చి, ఒళ్లు దులుపుకుని, ఎగిరి బొంతల మీద కూర్చుంది.

"పొదగనన్నావుగా?" అంది నాంచారమ్మ.

"పొదగటం లేదు. చలేసి కూర్చున్నా" అంది గోరింట, అటు చూస్తూ. ఆ రోజంతా అది దిగలేదు.

ఇరవై ఎనిమిదోరోజు తెల్లవారింది. గాలి ఆగింది, మబ్బు విడిపోయింది, ఎండ వచ్చింది. బొంతల కింద పెట్టెలో "టిక్, టిక్" మని లోపలి నుంచి పొడుస్తున్న చప్పుడు. పిల్లలు బయటికి రావడానికి తొందరపడుతున్నాయి. ఆఖరి వెచ్చదనం కావాల్సింది అప్పుడే. కానీ దీపం ఇంకా ఎర్రగానే ఉంది!

"పలకల మీద ఉప్పుబురద పేరుకుని ఉంటుంది. ఎవరో ఒకరు కడగాలి. నేను గుడ్లను వదిలి రాలేను" అంది నాంచారమ్మ.

తిరపతమ్మ మెట్ల వైపు చూసి ఆగిపోయింది. "ముట్టనని ఒట్టేశానే..."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అత్తా! వెళ్లు!"

డెబ్బై ఏళ్ల తిరపతమ్మ చంకలో వాననీళ్ల బిందెతో మెట్లెక్కింది. భుజం మీద ఆమె పెళ్లినాటి పట్టుచీర. గరుకుగుడ్డతో తుడిస్తే పలకలు గీసుకుపోతాయని, బట్టల పెట్టె అడుగు నుంచి దాన్ని తీసింది. నిజంగానే పలకల మీద వేలి మందాన బురద, ఇసుక, తాటాకు ముక్కలు. నీళ్లు పోసి, పట్టుచీరతో మెల్లగా తుడిచింది. మొదటి పలక అయింది.

"ఎరుపు!" అని కింద నుంచి నాంచారమ్మ.

రెండోది అయింది. "ఎరుపే!" మూడోది అయింది. "ఇంకా ఎరుపే అత్తా!"

తాడుకు కట్టిన ఎద్దులు. ఒకటి మిగిలినా కదలవు. తిరపతమ్మ నడుం నొప్పి మరిచిపోయి నాలుగో పలకను మూలమూలలా తుడిచింది. పైన ఎండ, కింద ఆమె ముఖం, రెండూ అందులో తళతళా కనిపించాయి.

"పచ్చ! అత్తా, పచ్చ!"

ఆ కేకకు పక్కింటి అచ్చాయమ్మ మళ్లీ గిన్నె పట్టుకుని వచ్చింది. మిరపకాయలు లేవు గాని, వచ్చినందుకు ఆమెకు అంతకన్నా మంచిది దొరికింది. పెట్టెలో మొదటి గుడ్డు రెండుగా విచ్చుకుని, తడితడిగా, ముక్కు మీద నల్లమచ్చతో ఒక బాతుపిల్ల బయటికొచ్చి ఆమె వంకే చూసింది. సాయంత్రానికి అరవైలో యాభై ఏడు పిల్లలు. తిరపతమ్మ తడిసిన పట్టుచీరను గుండెకు హత్తుకుని, ఈసారి సంతోషంతో ఏడ్చింది.

మర్నాడు రాజుగారు పడవలో వచ్చాడు. తుపాను నీళ్లకు పల్లకీకి దారి లేదు. కోట మీద గాలి పట్టు పందిరిలో దూరి, పందిరితోపాటు పలకలను కూడా పెకలించుకుపోయింది. కోట మూడురోజులుగా చీకటి. "నా వంద పలకలు చేయలేని పని నీ నాలుగు పలకలు ఎలా చేశాయమ్మా?" అని అడిగాడు.

"ప్రభూ, మీ పలకలకు నీడ దొరికింది. మావాటికి ఎండ దొరికింది" అంది నాంచారమ్మ.

రాజుగారు కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత పెద్దగా నవ్వేసి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"ఏటి గట్టున చిక్కుకున్న ఆ పట్టు పందిరి ఇప్పించండి. బాతుపిల్లలకు నీడ కావాలి."

అలా ముత్యాల అంచు పందిరి కింద యాభై ఏడు మచ్చబాతు పిల్లలు నూకలు తిన్నాయి. తొలకరికి నారుమళ్లలో దిగి నత్తలను ఏరాయి. దీవికి బువ్వ దొరికింది. నాంచారమ్మ పెనిమిటి ఇల్లు చేరి, ఈ కథ విని, తను లేనప్పుడే అన్నీ జరిగాయని మూతి ముడుచుకున్నాడు.

గోరింట సంగతి చెప్పలేదు కదూ? పుట్టిన మూడోనాడే పిల్లలన్నీ బిలబిలమంటూ నీళ్లలోకి దూకాయి. గోరింట అరవడానికి ముక్కు తెరిచింది. ఒకసారి డాబా మీది పలకల వైపు చూసింది. వీటి పని నీళ్లలోనే అనుకుందేమో, తెరిచిన ముక్కు మూసేసి గట్టు మీద కూర్చుంది.

ఇక తిరపతమ్మ. శుక్రవారం పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని డాబా ఎక్కింది. నాంచారమ్మ కింద నుంచి చూస్తూ ఊపిరి బిగబట్టింది. తిరపతమ్మ తళతళలాడే పలకల ముఖాల వంక ఆశగా చూసింది. చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అక్కడే ఆగింది. అప్పుడామె మెల్లగా వంగి, పలకలను మోస్తున్న ఎనిమిది కాళ్లకూ నిండుగా పసుపు రాసి, చిన్న కుంకుమ బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుంది. కింద దీపం పచ్చగానే ఉంది.

మనం దేన్ని ఎంత ప్రేమించినా సరే, దాని పని మీద మన నీడ పడనీయకూడదు. అదే ఈ కథలోని నీతి.